కందనకాయ మెషీను, గడ్డి మడి: మా నిప్పుకోడి ప్రాజెక్టు డైరీ

మాది విజయనగరం జిల్లా, గజపతినగరం దగ్గర జిల్లా పరిషత్ హైస్కూలు. నేను జీవశాస్త్రం చెబుతాను. కట్టదలచుకున్నవి రెండు. నిప్పుకోడి కందనకాయ గడ్డిని ఎలా నలుపుతుందో చూపించే మెషీను ఒకటి. అది బొమ్మ కాకూడదు, నిజంగానే నలపాలి. రెండోది, ఆ పక్షి మేసే నేలను పోలిన చిన్న మడి, బడి పెరట్లో. ఇంకో బడివాళ్లు కట్టుకుంటే పనికొస్తుందని కొలతలూ ఖర్చులూ రాసి పెడుతున్నాను. పనిచేయని వాటికే ఎక్కువ చోటిచ్చాను. డబ్బూ ఓపికా పోయేది అక్కడే.

ముందే ఒక మాట. మా వైపు ఒకప్పుడు ఈము ఫారాలు చూసినవాళ్లు రెండూ ఒకటే అనుకుంటారు. ఈము ఆస్ట్రేలియా పక్షి, కాలికి మూడు వేళ్లు. నిప్పుకోడి ఆఫ్రికాది, రెండే వేళ్లు. ఇక్కడ లెక్కలన్నీ నిప్పుకోడివి.

దశ 1: పేగుల బోర్డు

మెషీను కంటే ముందు పేగుల పొడవు చూపించాలి. కందనకాయ ఒక్కటే చూపిస్తే పిల్లలు అరుగుదలంతా అక్కడే అయిపోతుందనుకుంటారు.

1. చిన్నపేగుకు మేస్త్రీలు మట్టం చూసే పారదర్శక గొట్టం, 6 మీటర్లు.
2. పెద్దపేగుకు తోటకు వాడే లావు పైపు, 8 మీటర్లు.
3. రెండు సీకాలకు (ఒక వైపు మూసుకుపోయిన సంచులు) పాత సైకిల్ ట్యూబు ముక్కలు, ఒక్కొక్కటి మీటరుకు కాస్త తక్కువ.

పెద్ద పక్షిలో పేగులు మొత్తం 14 మీటర్ల దాకా ఉంటాయి. అందులో చిన్నపేగు కంటే పెద్దపేగే పొడవు. పక్షుల్లో ఇది అరుదు. నమ్మకం కుదరాలని చికెన్ షాపు నుంచి నాటుకోడి పేగులు తెప్పించి స్కేలుతో కొలిపించాం. పెద్దపేగు 9 సెంటీమీటర్లు వచ్చింది. బోర్డు మీది 8 మీటర్ల పైపు పక్కన దాన్ని పెట్టాక నేను వేరే చెప్పాల్సిన పని లేకపోయింది.

లావు పైపు చిన్న చుట్టలుగా చుడితే మడత పడి నొక్కుకుపోయింది. వేడినీళ్లలో ముంచి చుట్టినా రెండో రోజుకు మళ్లీ మడతే. చుట్టలు మానేసి పాములా అటూ ఇటూ తిప్పి, మలుపు మలుపుకూ క్లాంపు వేశాం. బోర్డు వెడల్పు 4 అడుగులకు తగ్గితే ఇది కుదరదు.

ఖర్చు: గొట్టాలు, క్లాంపులు, పెయింటు రూ. 640. బోర్డు పాతదే.
ఇప్పటిదాకా: రూ. 640

దశ 2: తిరిగే డ్రమ్ము

ఇరవై లీటర్ల పెయింటు బకెట్టును అడ్డంగా పడుకోబెట్టి, రెండు బేరింగుల మీద తిప్పాం. మోటారు పాత కారు వైపరుది, 12 వోల్టులు, నిమిషానికి 45 చుట్లు. లోపల, పక్షి మింగే రాళ్లకు బదులు గులకరాళ్లు, మేతకు ఎండు గరిక. రాళ్లు పైకి లేచి గడ్డి మీద పడి నలుపుతాయన్నది లెక్క. ఇంటర్నెట్టులో కందనకాయ నమూనాలు చాలావరకు ఇలాగే ఉంటాయి, మనం చేయాలంటే మనసు ముందు దీని మీదికే పోతుంది.

జరిగింది ఇది:

1. రాళ్లు అడుగున దొర్లాయి. గడ్డి వాటి పైన తేలుతూ తిరిగింది. రెండూ కలిసిందే లేదు.
2. జానెడు దాటిన పోచలు నడి బోల్టుకు చుట్టుకున్నాయి. మోటారు ఆగింది, ఫ్యూజు పోయింది.
3. పోచలను 5 సెంటీమీటర్లకు కత్తిరించి వేస్తే చుట్టుకోవడం తగ్గింది. నలగడం మాత్రం మొదలవ్వలేదు.
4. లోపల చెక్క పలకలు బిగించి రాళ్లు పైకి లేచేలా చేశాం. చప్పుడు పెరిగింది. పక్క గదిలో తెలుగు మాస్టారు పాఠం ఆపి వచ్చి, "ఏటి మాస్టారూ, ఇది గడ్డి నలపడమా, బావి తవ్వడమా?" అన్నారు.

అరగంట తిప్పాక తూకం: 100 గ్రాముల ఎండు గరిక వేస్తే రవ్వ జల్లెడలో దిగింది 4 గ్రాములు.

కారణం లెక్కకు అందేదే. బకెట్టు లోపలి ఎత్తు 30 సెంటీమీటర్లు. 40 గ్రాముల రాయి అంత ఎత్తు నుంచి పడితే గడ్డికి తగిలే దెబ్బ ఏపాటిది? సిమెంటు ఫ్యాక్టరీల్లో గుండ్ల మిల్లు నడుస్తుందంటే డ్రమ్ము మీటర్ల వెడల్పు ఉండబట్టి, గుండ్లు ఇనుపవి కాబట్టి. కందనకాయలో అసలు ఏదీ ఎగరదు, పడదు. అక్కడ ఒక జత మందపు కండరాలు, ఒక జత పలుచటి కండరాలు వంతులవారీగా బిగుస్తాయి. రాళ్లూ మేతా మధ్యలో ఇరుక్కుని ఒరుసుకుంటాయి. అక్కడ పనిచేసేది నొక్కుడు, రాపిడి. డ్రమ్ము పక్కన పెట్టేశాం. మోటారు, అడాప్టరు మిగిలాయి.

లాభమేమిటంటే పోచ బోల్టుకు చుట్టుకోవడం పిల్లలు కళ్లారా చూశారు. నిప్పుకోడి పిల్లలకు కొత్త చోట పొడవాటి ఎండు గడ్డి గానీ ఇసుక గానీ ఎక్కువ తింటే కడుపు అడ్డుపడి చచ్చిపోయే ప్రమాదం ఉంది. ఫారాలవాళ్లకు ఇది పెద్ద టెన్షన్. అందుకే మేత కత్తిరించి వేస్తారు.

ఖర్చు: మోటారు 450, అడాప్టరు 550, బేరింగులు 180, ఫ్యూజులు 40. మొత్తం రూ. 1,220.
ఇప్పటిదాకా: రూ. 1,860

దశ 3: నొక్కే దవడలు

మామిడి పలకతో 24 సెంటీమీటర్ల అర్ధచంద్రాలు రెండు కోయించాం. ఒకటి కదలదు. రెండోది క్రాంకుతో 35 మిల్లీమీటర్లు ముందుకూ వెనక్కూ వెళ్తుంది. లోపలి వైపు పంక్చరు షాపులో పడేసిన టైరు ముక్కలు మేకులతో కొట్టాం. అసలు కందనకాయలో ఈ స్థానంలో గట్టి పసుపు పొర ఉంటుంది. కోడిని శుభ్రం చేసేటప్పుడు ఇంట్లో ఒలిచి పారేసేది అదే.

మొదటి రోజు రాళ్లు వేయకుండా నడిపాం. గడ్డి పిడకలా అణిగింది, తెగలేదు. చేత్తో విప్పితే పోచలు పోచలుగా ఊడి వచ్చాయి. తిన్నగా నొక్కితే ఎంత బలంగా నొక్కినా ఇంతే. అందుకని కదిలే పలక జారే గాడిని 15 డిగ్రీలు ఏటవాలుగా కోయించాం. ఇప్పుడు పలక దగ్గరికి వస్తూ పక్కకు కూడా 9 మిల్లీమీటర్లు జరుగుతుంది. ఈ పక్క జరుగుడే ప్రాణం. ఎవరైనా కడితే దీన్ని మాత్రం వదలొద్దు.

తర్వాతి తంటా వేగం. కోడి కందనకాయ నిమిషానికి రెండు నుంచి నాలుగు సార్లు బిగుస్తుంది. మోటారు 45 సార్లు నొక్కుతోంది. వోల్టేజి తగ్గిస్తే బలం తగ్గి మొరాయించింది. చివరికి సైకిల్ సామాన్లే గతి అయ్యాయి:

1. మోటారుకు 18 పళ్ల ఫ్రీవీలు, దాని నుంచి చైనుతో 44 పళ్ల చైన్ వీలు. వేగం 18కి దిగింది.
2. అదే ఇరుసు మీద ఇంకో 18, దాని నుంచి ఇంకో 44. నిమిషానికి ఏడున్నర.
3. ఫ్రీవీలు వెనక్కి తిరగకుండా లోపల వెల్డింగు చుక్క పెట్టించాలి. లేకపోతే బరువు పడగానే జారిపోతుంది.

ఏడున్నర ఇంకా ఎక్కువే. మూడో జత పెడితే మూడుకు వస్తుంది గానీ చూసే పిల్లలకు నిద్ర వస్తుంది. అక్కడితో ఆపాం. వేగం దిగేసరికి మోటారుకు బలం కూడా వచ్చింది, ఆ తర్వాత ఫ్యూజు పోలేదు.

ఖర్చు: పలక 300, బోల్టులు 160, వెల్డింగు 250, చైను లింకులు 60. మొత్తం రూ. 770. చైన్ వీల్సు పాత సైకిళ్లవి.
ఇప్పటిదాకా: రూ. 2,630

దశ 4: రాళ్లు

ఎన్ని రాళ్లు వేయాలి? పెద్ద నిప్పుకోడి కందనకాయలో 1,300 గ్రాముల దాకా పడుతుంది, అందులో రాళ్లూ ఇసుకా 45 శాతం వరకూ ఉండొచ్చు. అంటే సుమారు 585 గ్రాములు. మేం 580 తూచి వేశాం.

ఏ రాయి? ముందు బడి వెనక గుట్ట మీద ఏరుకొచ్చినవి వేశాం. మా వైపు గుట్టలు చాలావరకు ఖొండలైటు. ఎండకూ వానకూ గుల్లబారిన ఎర్రరాయి. అరగంటకు గడ్డి బదులు రాయే నలిగి, మెషీను నిండా ఎర్ర బురద. తూచితే 580లో 497 మిగిలింది.

తర్వాత చంపావతి నది ఇసుకలో ఏరిన పలుగురాళ్లు, 1 నుంచి 3 సెంటీమీటర్లవి. ఇవి నిలిచాయి. అదే అరగంటకు తగ్గుదల ఒక గ్రాము లోపే. కొత్తగా పగలగొట్టిన వాడి పలుగు ఇంకా బాగా కోస్తుందేమోనని అదీ చూశాం. గడ్డిని కోసింది నిజమే, టైరు రబ్బరును కూడా కోసింది. నదిలో అరిగిన నున్నటి రాళ్లకే తిరిగి వచ్చాం.

పక్షికి కూడా ఇదే బాధ. లోపలి రాళ్లు మెల్లగా అరిగి, చిన్నవై కిందికి పోతుంటాయి. అది మళ్లీ మళ్లీ ఏరుకుని మింగుతుండాలి. రాళ్లు దానికి తిండి కావు, పనిముట్లు. పిల్లలు అడిగే "ఇనుము కూడా అరిగించుకుంటుందట కదా సార్" అన్న ప్రశ్నకు జవాబు: అరగదు. మెరిసే మేకునైనా రాయనుకుని మింగుతుంది, అది కడుపులో గుచ్చుకుంటే చస్తుంది.

దశ 5: ఏ మేత ఎంత నలిగింది

మేత వేసే పద్ధతి: నిప్పుకోడికి కోడిలా గొంతు కింద సంచి లేదు. మేత గొంతు పైభాగంలో ముద్దగా చేరి, ఒక్కసారిగా మెడ వెంట దిగుతుంది. ముద్ద 210 మిల్లీలీటర్ల దాకా ఉండొచ్చు. మా టీ కొట్టు పెద్ద గ్లాసు దాదాపు అంతే. కాబట్టి ఎప్పుడూ గ్లాసు లెక్కనే వేశాం.

కొలిచే పద్ధతి:

1. ఎండు లెక్కన 100 గ్రాముల మేత, నానబెట్టినది.
2. అరగంట నడపడం.
3. బకెట్టు నీళ్లలో రవ్వ జల్లెడ పెట్టి కడగడం.
4. కిందికి దిగినదాన్ని గుడ్డలో వడకట్టి, ఎండబెట్టి తూచడం.

వచ్చినవి:

- మెషీనులో వేయకుండా ఊరికే నానబెట్టి కడిగిన గరిక: 3 గ్రాములు
- దవడలు, రాళ్లు లేకుండా: 9
- దవడలు, పలుగురాళ్లు, ఎండు గరిక: 31
- అదే, లేత పచ్చి గరిక: 46
- అదే, గంగవాయిలి కూర: 71
- అదే, నానిన గంట్లు (సజ్జలు): 58
- అదే, ముదురు ఎండు వరిగడ్డి: 14

మొదటి వరుస లేకపోతే మిగతా వాటికి విలువ లేదు. ఏమీ చేయకపోయినా 3 గ్రాములు దిగుతోంది కాబట్టి డ్రమ్ములో వచ్చిన 4 అంటే సున్నాకు దగ్గర. లెక్కల మేడమ్ పట్టుబట్టి పెట్టించిన వరుస అది.

గంగవాయిలి, వరిగడ్డి మధ్య తేడా చూడండి. సవన్నాలో (చెట్లు పలచగా ఉండే గడ్డి మైదానాల్లో), పాక్షిక ఎడారుల్లో తిరిగే నిప్పుకోడి కూడా కనబడ్డ గడ్డినంతా మేయదు. లేత గడ్డి, వెడల్పాకు మొక్కలు, నీరు నిండిన కాండాలు, పూలు, గింజలు ఏరుకుంటుంది. మధ్యలో మిడతా బల్లీ దొరికితే వదలదు. ముక్కుతో ఒక్కో ఆకూ గిల్లుకునే పక్షికి ఆ ఏరుకునే అవకాశం ఉంది, నాలుకతో గుబురంతా లాగే ఆవుకు లేదు.

నలగకుండా మిగిలిన సగం మాటేమిటి? దానికే బోర్డు మీది ఆ 8 మీటర్ల పైపు. కందనకాయ పీచును చీల్చి వదులుతుంది. దాన్ని పులియబెట్టి పోషకంగా మార్చేవి సీకాల్లో, పెద్దపేగులో ఉండే సూక్ష్మజీవులు. ఆవుకు ఆ పని ముందు కడుపులో అవుతుంది, దీనికి చివర్లో. మేత లోపలికి వెళ్లి బయటికి రావడానికి ఒకటిన్నర నుంచి రెండు రోజులు పడుతుంది.

ఖర్చు: జల్లెడలు రూ. 270. తూకం ల్యాబుదే.
ఇప్పటిదాకా: రూ. 2,900

దశ 6: గడ్డి మడి

స్థలం 6 మీటర్లు × 4 మీటర్లు, ప్రహరీ పక్కన. ఆఫ్రికాలోని సెరెంగెటి ఆగ్నేయ మైదానాల్లో గడ్డి పొట్టిగా ఎందుకుంటుందో చూపించాలన్నది ఉద్దేశం. అక్కడ అగ్నిపర్వతాల బూడిద నేల, కొద్ది లోతులోనే గట్టి సున్నపు పొర. వేళ్లు కిందికి దిగవు, చెట్లు నిలవవు. పడే వాన కూడా ఏడాదికి 500 మిల్లీమీటర్ల చుట్టూ. మా జిల్లాలో అది వెయ్యి దాటుతుంది. ఈ తేడా తర్వాత మాకు బాగానే తెలిసొచ్చింది.

1. తూర్పు సగం 35 సెంటీమీటర్లు తవ్వాం. అడుగున 10 సెంటీమీటర్లు ఇటుక ముక్కలు, సున్నం కలిపి దిమ్మిసతో కొట్టాం. పైన 25 సెంటీమీటర్ల మట్టి.
2. పడమటి సగం ఉన్న మట్టినే తిరగేశాం.
3. రెండింట్లోనూ గరిక వేళ్లు, గట్టు మీద గంట్లు, చోళ్లు (రాగులు), అక్కడక్కడ గంగవాయిలి.

జూలై వానలకు తూర్పు సగం చెరువైంది. కింద పొర నీటిని దిగనివ్వలేదు, పక్కలకు పోయే దారి లేదు. గరిక పసుపు తిరిగి కుళ్లింది, గంగవాయిలి మొత్తం పోయింది. బాగుపడింది తుంగ ఒక్కటే. మట్టి ఎత్తి, పొరను గోడ వైపు నుంచి కిందికి వాలుగా మార్చాం, మీటరుకు రెండున్నర సెంటీమీటర్ల వాలు. పల్లం అంచున రంధ్రాలు చేసిన రెండంగుళాల పైపు పెట్టాం. గరిక మళ్లీ నాటాం. పొర లేకుండా చేసుకుందామా అని కూడా అనుకున్నాం గానీ, పొర తీసేస్తే చూపించడానికి ఏమీ మిగలదు.

అక్టోబరు చివరికి తూర్పున గడ్డి ఎత్తు 18 సెంటీమీటర్లు, పడమట 70. పడమటి వైపు తుంగ, వయ్యారిభామ దూరాయి. పాములొస్తాయని హెడ్మాస్టరు గారు పడమటి సగం కోయించమన్నారు. కోత ఎలాగూ కావాలి కనుక ఆ రోజే మడి మొత్తం కోసి, కలుపు ఏరి, గడ్డి తూచాం: 15 కిలోలు పచ్చిది.

ఇక్కడి నుంచి లెక్క పిల్లలదే. కిలో పచ్చి గరిక ఎండితే 290 గ్రాములు. ఫారాల్లో పెద్ద నిప్పుకోడి రోజుకు ఎండు లెక్కన రెండు కిలోల మేత తింటుందనుకుంటే, పచ్చిగా 7 కిలోలు. అంటే ఇంత తవ్వి, ఎత్తి, మళ్లీ నాటి పెంచిన మడి ఒక్క పక్షికి రెండు రోజుల తిండి. ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె వెంటనే అడిగింది: "మరి మూడో రోజు ఎక్కడికి పోద్ది సార్?" నడుచుకుంటూ పోతుంది. వాన పడ్డ వైపు, చిగురు ఉన్న వైపు.

ఇంకో లెక్క కూడా అందులోనే ఉంది. 7 కిలోల పచ్చి గరికలో నీళ్లు సుమారు 5 లీటర్లు. నిప్పుకోడి రోజుల తరబడి నీళ్లు తాగకుండా ఉండగలగడానికి ఇది ఒక కారణం. మేత ఎండిపోతే ఆ వెసులుబాటు పోతుంది. దక్షిణాఫ్రికాలో ఔట్స్‌హూర్న్ చుట్టుపక్కల పొడి నేలలో 1860ల నుంచి ఈకల కోసం వీటిని పెంచారు. ఆ పెంపకం విస్తరించింది కాలువ నీళ్లతో పండించిన లూసర్న్ మేత మీదే. 1914లో ఈకల బేరం కుప్పకూలింది. అది వేరే కథ.

ఇదంతా ఆఫ్రికా గోల అనుకునేవాళ్లకు ఒక సంగతి. ప్రకాశం జిల్లాలో సుమారు 41 వేల ఏళ్ల నాటి నిప్పుకోడి గూడు బయటపడిందని 2024లో వార్తలొచ్చాయి. దాదాపు 3,500 పెంకు ముక్కలు దొరికాయి. ఇంత పెద్ద మేత పక్షి ఇక్కడ బతికిందంటే దాని మేతా ఇక్కడ ఉండి ఉండాలి కదా. మడి పక్కన బోర్డు మీద ఈ వివరం రాయించాం. అందరూ ఆగి చదివేది అదొక్కటే.

ఖర్చు: ఇటుక ముక్కలు, సున్నం 520, విత్తనాలు 80, పైపు 220. మొత్తం రూ. 820.
ఇప్పటిదాకా: రూ. 3,720

దశ 7: కన్ను ఎత్తు గెడ

చిన్న పని, గంటలో అయింది. వెదురు గెడకు 2.4 మీటర్ల ఎత్తున చిన్న అద్దం ఏటవాలుగా బిగించాం, కింద ఇంకో అద్దం. పెరిస్కోపే. పిల్లవాడు కింది అద్దంలోకి చూస్తే నిప్పుకోడి కంటికి కనిపించేంత దూరం కనిపిస్తుంది. 70 సెంటీమీటర్ల గడ్డి ఉన్నా అవతలి గేటు దగ్గరి మనిషి కాళ్ల దాకా తెలుస్తుంది. అదే నేలకు ఆనించి చూస్తే పోచలు తప్ప ఏమీ లేదు. మేసేటప్పుడు పక్షి ఉన్నది ఆ స్థితిలోనే. మాటిమాటికీ తల ఎత్తేది, గుంపుగా తిరిగేది అందుకే. తల ఇసుకలో దూర్చుకుంటుందన్న మాటను ఈ గెడ దగ్గరే తేల్చేయొచ్చు. దూరం నుంచి చూస్తే కిందికి వంగి మేస్తున్న పక్షికి తల కనబడదు.

ఖర్చు: వెదురు, అద్దాలు రూ. 90.
ఇప్పటిదాకా: రూ. 3,810

మిగిలిన పని

టైరు రబ్బరు అరుగుతోంది. ఇటీవలి తూకాల్లో జల్లెడ కింద నల్లటి పొడి కనిపించింది, అంటే మేత లెక్కలో రబ్బరు కలుస్తోంది. గరిక మళ్లీ నడిపి, పొడిని నీళ్లలో తేల్చి వేరుచేస్తే ఒక గ్రాము దాకా వచ్చింది. పైన రాసిన అంకెలు అంతకు ముందువి కాబట్టి వాటిని మార్చలేదు. అసలు కందనకాయలో పసుపు పొర అరిగేకొద్దీ అడుగు నుంచి కొత్తది ఊరుతుంటుంది. మా పలకకు ఆ సదుపాయం లేదు. చెప్పులు కుట్టే ఆయన దగ్గర అట్టతోలు చూశాను, రెండు దవడలకూ కలిపి 150 అడిగాడు. తడికి తోలు మెత్తబడుతుందేమోనని ముక్క ఒకటి మూడు రోజులు నీళ్లలో వేసి ఉంచాను. అది గట్టిగానే ఉంటే మేకుల బదులు దారంతో కుట్టించి బిగిస్తాం. మేకుల తలలు పైకి లేచి రాళ్లకు తగులుతున్నాయి మరి.